పొగడ్తలో పూడ్చిన పాట

‘కామన్ పీపుల్’ అనే ఇంగ్లీషు పాటను గురించి ఒక తెలుగు ఉపన్యాసకుడు వ్యాసం రాయవలసిన అవసరం ఏమొచ్చిందని ఇద్దరు మిత్రులు నన్ను అడిగారు. ఒకరు సాహిత్యం చదివినవారు. రాక్ సంగీతమంటే ఆయన దృష్టిలో గిటార్ల రొద. రెండవవారు రాజకీయాలు చదివినవారు. పెద్ద కంపెనీ అమ్మిన రికార్డులో మనకు పనికివచ్చేదేమీ ఉండదని ఆయన నమ్మకం. ఇద్దరికీ ఒక పోలిక ఉంది: ఇద్దరూ ఆ పాట వినలేదు. వినకుండా, చదవకుండా తీర్పు చెప్పడం మన విమర్శకు కొత్త కాదు గనుక దానికి నేను ఆశ్చర్యపడను. కాని ఆ పాటను విన్నవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళు, ముప్ఫై ఏళ్ళుగా దానికి పట్టాభిషేకాలు చేస్తున్నవాళ్ళు చేసిన పని అంతకంటే అన్యాయమైనదని నా వాదన. వాళ్ళు పాటను మెచ్చుకుని, పాట చెప్పిన మాటను మాయం చేశారు.

ముందు సంగతులు చెప్పాలి. ఇంగ్లాండులో షెఫీల్డ్ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. ఆ ఊళ్ళో 1978లో బడిపిల్లలు పెట్టుకున్న బృందం ‘పల్ప్’. దాని గాయకుడూ, పాటలు రాసేవాడూ జార్విస్ కాకర్ 1963లో పుట్టాడు. బృందం మొదటి రికార్డు 1983లో వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాతి పదేళ్ళూ దాదాపు అంతే. ఆ దశకం ఆ ప్రాంతానికి ఎట్లాంటిది? 1980లో ఉక్కు కార్మికుల సమ్మె పదమూడు వారాలు నడిచింది. 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా బొగ్గుగని కార్మికులు పోరాడి ఓడిపోయారు. 1984 జూన్ 18న పోలీసులు గుర్రాల మీద వచ్చి సమ్మెదారులను చితకగొట్టిన ఆర్‌గ్రీవ్ షెఫీల్డు పక్కనే ఉంది. బస్సు చార్జీలను ఏళ్ళ తరబడి పెరగనీయకుండా కాపాడిన అక్కడి కౌంటీ కౌన్సిల్‌ను 1986లో థాచర్ ప్రభుత్వం ఏకంగా రద్దుచేసింది. ఆ కాలంలో చాలాభాగం కాకర్ నిరుద్యోగ భృతి మీదనే బతికాడు. 1988లో సినిమా చదవడానికి లండనులోని సెయింట్ మార్టిన్స్ కళాశాలకు పోయాడు. అక్కడ రెండు వారాల శిల్పం తరగతిలో ఒక గ్రీకు యువతి పరిచయమైంది. తాను బీదలుండే పేటకు పోయి సామాన్యుల మాదిరిగా బతకాలనుకుంటున్నానని ఆమె అన్నది. ఆ మాట అతనిలో ఆరేళ్ళు నానింది.

పాట వరస పుట్టిన తీరు కూడా ముచ్చటైనదే. పాత రికార్డులు అమ్ముకుని, ఆ డబ్బుతో లండనులో ఒక పాతసామాన్ల దుకాణంలో చిన్న కాసియో వాయిద్యం కొన్నాడు. దాని మీద వాయించిన నాలుగు ముక్కలను విని బృందంలోని స్టీవ్ మేకీ, ఇది ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మాన్’ లాగా ఉందే అని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళిలోనించే పేరు దొరికింది. సామాన్య మానవుని కోసం అమెరికా స్వరకర్త ఏరన్ కోప్‌లండ్ 1942లో కూర్చిన వాద్యరచన అది. ఆ కోప్‌లండ్‌నే 1953లో మెకార్తీ తన కమిటీ ముందుకు పిలిపించి కమ్యూనిస్టు సంబంధాల గురించి నిలదీశాడు. సామాన్యుని పేరు చెప్పిన స్వరానికి కూడా సంజాయిషీ చెప్పుకోవలసిన రోజులు అవి. 1995లో ఆ పేరు పెట్టినందుకు ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. ఎందుకు నిలదీయలేదన్నదే నా ప్రశ్న.

పాటలోని కథ నాలుగు మాటల్లో అయిపోతుంది. ధనవంతుని కూతురు, సామాన్యుల బతుకు రుచి చూడాలనుకుంటుంది. కథకుడు ఆమెను అంగడికి తీసుకుపోతాడు. చేతిలో డబ్బు లేనట్టు నటించమంటాడు. ఆమె నవ్వుతుంది. అక్కడినుంచి అతని గొంతులో మర్యాద తగ్గుతుంది, వాయిద్యాల వేగం పెరుగుతుంది. నువ్వు అద్దెగది తీసుకో, జుట్టు కత్తిరించుకో, ఏదైనా కొలువులో చేరు, అయినా నీకది చేతకాదు అంటాడు. ఎందుకు చేతకాదు? ఎందుకంటే ఆ గదిలో గోడమీద పురుగులు పాకే రాత్రి ఆమె తండ్రికి ఒక్క టెలిఫోను చేస్తే చాలు, అంతా ఆగిపోతుంది.

ఈ టెలిఫోనును గురించి మనం కాస్త ఆగి ఆలోచించాలి. వర్గమంటే ఏమిటని అడిగితే పట్టభద్రుల తరగతిలో నాకు వచ్చే జవాబులు ఎట్లాంటివంటే: కట్టుకునే బట్ట, మాట్లాడే యాస, తినే తిండి, వినే పాట. విశ్వవిద్యాలయాల్లో సమాజశాస్త్రం పేరుతో చలామణీ అయ్యేదానిలో కూడా చాలాభాగం ఇంతకంటే పైకి పోదు. పాట ఆ జవాబులన్నిటినీ ఆ యువతికి ధారాళంగా ఇచ్చివేసింది. ఆమె వాళ్ళ బట్ట కట్టవచ్చు, వాళ్ళ చుట్ట కాల్చవచ్చు, వాళ్ళ గదిలో పడుకోవచ్చు. ఇవన్నీ సంపాదించాక కూడా ఆమె వాళ్ళలో మనిషి కాదు. వెనక్కి పోయే దారి ఆమెకుంది, వాళ్ళకు లేదు. మన భాషలో ఈ భేదానికి రెండు వేరువేరు మాటలే ఉన్నాయి. ఏకాదశినాడు తినకుండా ఉండటం ఉపవాసం. ఇంట్లో గింజలు లేక తినకుండా ఉండటం పస్తు. కడుపుకు రెంటికీ తేడా తెలియదేమో గాని మనిషికి తెలుస్తుంది. ఉపవాసం ఎప్పుడు ముగుస్తుందో ఉన్నవానికి ముందే తెలుసు. ఆ గ్రీకు యువతి కోరింది ఉపవాసం. తాను చూస్తున్నది పస్తు అని ఆమెకు తెలియదు. వర్గమనే మాటను ఒక్కసారైనా వాడకుండా వర్గాన్ని ఇంత కచ్చితంగా నిర్వచించిన పాప్ పాట నాకు మరొకటి తెలియదు.

పేరులో ఉన్న ‘కామన్’ అనే మాట కూడా చూడదగ్గది. తెలుగులో మనం ఒకణ్ణి మెచ్చుకోదలిస్తే ‘వాడు సామాన్యుడు కాడు’ అంటాం. ఆ మెచ్చుకోలులోనే సామాన్యుని మీద చిన్నచూపు దాగివుంది. ఇంగ్లీషువాళ్ళు ఇంకొక మెట్టు దిగి, ఒక మనిషిని ‘కామన్’ అంటే మోటువాడు, సంస్కారం లేనివాడు అని అర్థం చేసుకుంటారు. ఆ తిట్టును యువతి ముచ్చటగా వాడింది. కథకుడు దాన్ని తిట్టుగానే ఉంచి, ఎవరిమీద పడవలసిందో వాళ్ళ మీదికి తిప్పాడు.

ఇక విడుదల. పాట 1994 ఆగస్టులో రీడింగ్ ఉత్సవంలో మొదటిసారి వినిపించింది. సెక్స్ పిస్టల్స్‌తో పనిచేసిన క్రిస్ థామస్ చేత ముద్రింపించి 1995 మే 22న సింగిల్‌గా, అనగా ఒకే పాట ప్రధానంగా ఉండే చిన్న రికార్డుగా, విడుదల చేశారు. దాన్ని ‘ఇండీ’ పాట అన్నారు. ఈ మాటకు తాత్పర్యం స్వతంత్ర కంపెనీ రికార్డు అని. ఇక్కడ మన రెండవ మిత్రుడు చెవి నిక్కించవలసిన సంగతి ఉంది. పల్ప్ నిజంగానే ఏళ్ళకేళ్ళు చిన్న స్వతంత్ర కంపెనీల దగ్గర పనిచేసింది. అప్పుడు వాళ్ళ పాటలు అమ్ముడుపోలేదు. ఈ పాటను అమ్మిన ఐలాండ్ కంపెనీని 1989లోనే పాలీగ్రామ్ కొన్నది. పాలీగ్రామ్‌లో అధికభాగం ఫిలిప్స్‌ది. మన ఇళ్ళల్లో బల్బులూ రేడియోలూ అమ్మిన ఆ ఫిలిప్సే. అనగా 1995 నాటికి ‘ఇండీ’ అన్నది ఒక ఉత్పత్తి విధానానికి పేరు కాకుండా పోయి, గిటారు మోగే ఒక తీరుకూ, ఒక జుట్టు తీరుకూ పేరైంది. స్వతంత్రమనే మాట సరుకు మీద ముద్రగా మిగిలింది. నిజానికి ఆ యువతి చేయాలనుకున్న పనికీ దీనికీ తేడా ఎంత? ఆమె బీదతనాన్ని వేషంగా వేసుకుంటే, కంపెనీ స్వాతంత్ర్యాన్ని వేషంగా వేసుకున్నది.

పాట అమ్మకాల పట్టికలో రెండవ స్థానం దాకా పోయి ఆగిపోయింది. మొదటి స్థానంలో ఉన్నదేమిటి? సైనికుల కథగా సాగే ఒక టెలివిజన్ నాటకంలోని ఇద్దరు నటులు, రాబ్సన్, జెరోమ్ అనేవాళ్ళు, 1955 నాటి సినిమా పాటనొకదాన్ని మళ్ళీ పాడారు. దానికి జోడీగా రెండవ ప్రపంచయుద్ధం నాటి డోవరు కొండల పాట. ఐరోపాలో యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భంగా దేశమంతా పండుగ చేసుకుంటున్న నెల అది. ఆ రికార్డు ఏడువారాలు అగ్రస్థానం వదలలేదు. ఆ ఏడు బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. వర్తమానం రెండవది, జ్ఞాపకం మొదటిది. దీన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. నేను కొట్టిపారేయను.

అసలు దెబ్బ మరొకచోట పడింది. పూర్తి పాట ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. రేడియోకూ టెలివిజన్‌కూ తయారుచేసిన రూపం నాలుగు నిమిషాల చిల్లర. ఏం తీశారు? మూలనున్న కుక్కను గురించిన చరణాన్ని తీసేశారు. బీదతనాన్ని చూడవచ్చిన యాత్రికుల మీద బీదలకుండే ద్వేషం బాహాటంగా వినిపించే చరణం అది. అప్పటిదాకా వెక్కిరింతగా ఉన్న పాట అక్కడ బెదిరింపు అవుతుంది. నిడివి ఎక్కువైందని తీశారంటారు. కావచ్చు. కత్తెరకు నిడివి మాత్రమే తెలుసుననీ, అర్థం తెలియదనీ నమ్మదలచుకున్నవాళ్ళు నమ్మవచ్చు. దేశంలో లక్షలమంది తలుపు తట్టిన పాటకు కోరలు లేవన్నది మాత్రం నిజం.

1995 జూన్ 24న గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో రావలసిన స్టోన్ రోజెస్ బృందంలో ఒకరికి ఎముక విరిగితే, వాళ్ళ బదులు పల్ప్‌ను పిలిచారు. చివరి పాటను వేలాదిమంది గొంతు కలిపి పాడారు. విమర్శకులకు ఆ రాత్రినుంచి ఒక మాట దొరికింది: ‘ఆంథెమ్’. జాతీయగీతం వంటిదన్నమాట. జాతీయగీతంలో శత్రువు ఉండడు; ఉంటే సరిహద్దుకు అవతల ఉంటాడు. అందరూ లేచి నిలబడి పాడేది అది. ఈ పాటలో శత్రువు అదే తరగతిలో, పక్కబల్ల దగ్గరే కూర్చున్నాడు. అందరూ కలిసి పాడటానికి వీలులేని పాటను అందరూ కలిసి పాడుతుంటే, విమర్శకుని పని ఆ వింతను ఎత్తిచూపడం. మనవాళ్ళు, అంటే ఆ వృత్తిలోని మన సోదరులు, చప్పట్లు కొట్టారు.

ఆ వేసవిలోనే పత్రికలకు వర్గం అనే మాట మీద మమకారం పుట్టుకొచ్చింది. ఆగస్టు 14న బ్లర్, ఒయాసిస్ అనే రెండు బృందాలు ఒకేరోజు సింగిళ్ళు విడుదల చేశాయి. దక్షిణాది మధ్యతరగతికీ ఉత్తరాది కార్మికులకూ యుద్ధమని రాసి, దాన్ని గుర్రప్పందెంలాగా నడిపారు. బ్లర్‌వి 2,74,000, ఒయాసిస్‌వి 2,16,000 అమ్ముడయ్యాయి. మధ్యతరగతి గెలిచిందన్నారు! వర్గపోరాటం ఫలితం దుకాణం చిట్టాలో తేలిపోతుందని కార్ల్ మార్క్సుకు తోచకపోవడం విచారకరం. ఇందులో ఒక తమాషా ఉంది. బ్లర్ పాట ‘పార్క్‌లైఫ్’ సామాన్యులను ముచ్చటైన జంతువుల్లాగా చూసే ధోరణిలో ఉందని కాకర్ స్వయంగా ఒక ఇంటర్వ్యూలో ఫిర్యాదు చేశాడు. తన పాటకు అట్లాంటి వినోద యాత్రలే లక్ష్యమని చెప్పాడు. అతని పాటనూ ఆ పాటనూ విమర్శకులు ‘బ్రిట్‌పాప్’ అని ఒకే సంచిలో వేసి, దానిమీద జెండా అతికించారు.

సెప్టెంబరులో పల్ప్ మీద పత్రికలకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకు? తరువాతి సింగిలులో మత్తుమందుల ప్రస్తావన ఉందని, దాని అట్టమీద పొట్లం కట్టే పద్ధతి బొమ్మ వేశారని. ‘డైలీ మిర్రర్’ మొదటి పేజీనిండా నిషేధించమని కేకపెట్టింది. ‘మిర్రర్’ ఎవరి పత్రిక? లేబర్ పార్టీని బలపరిచే, కార్మికులు కొనుక్కుని చదివే పత్రిక. ధనవంతుల వినోదానికి బీదల బతుకు వాడుకలోకి వచ్చిందని మొత్తుకున్న పాట నాలుగు నెలల ముందు వచ్చినప్పుడు దానికి మొదటి పేజీ దొరకలేదు. పొట్లానికి దొరికింది.

తరువాతి కథ రాజకీయం. 1997లో బ్లెయిర్ గెలిచాడు. జూలైలో ఒయాసిస్ నోయెల్ గాలగర్ ప్రధాని ఇంట్లో గ్లాసు పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. పల్ప్‌ను కూడా లేబర్ పార్టీవాళ్ళు దువ్వారు. కాకర్ ఆ అనుభవాన్ని ‘కొకెయిన్ సోషలిజం’ అనే పాటగా రాశాడు. అది 1998లో మరొక సింగిలుకు వెనక పాటగా వచ్చింది. ‘కామన్ పీపుల్’కు పట్టాభిషేకం చేసినవాళ్ళు దాని కొనసాగింపును చూడనట్టు నటించారు. 1999 సెప్టెంబరులో పార్టీ మహాసభలో బ్లెయిర్, వర్గయుద్ధం ముగిసిందని ప్రకటించాడు. 2010లో ‘పిచ్‌ఫోర్క్’ అనే అమెరికా సంగీత పత్రిక ఆ దశకపు పాటల్లో దీన్ని రెండవదిగా నిలిపింది. 2014లో బి.బి.సి. సిక్స్ మ్యూజిక్ శ్రోతలు బ్రిట్‌పాప్ పాటల్లో మొదటిదిగా ఎన్నుకున్నారు. యుద్ధం ముగిసిందని నమ్మించాక యుద్ధగీతానికి పతకాలివ్వడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక కొందరు ఆ యువతి ఎవరో కనిపెట్టే పనిలో పడ్డారు. ఆమె పేరు తనకే తెలియదని కాకర్ అన్నాడు. అయినా 2015లో, గ్రీసు అప్పుల ఊబిలో దిగబడి ఆ దేశపు పింఛనుదారులు బ్యాంకుల ముందు వరసలు కట్టిన ఏడాదిలో, పత్రికల ఆసక్తి ఆ పాటలోని గ్రీకు పిల్ల ఏ ఇంటిపిల్ల అన్నదాని మీద నిలిచింది. వర్గాన్ని వ్యక్తిగా మార్చడం, వ్యక్తిని చిరునామాగా మార్చడం! ఇంతకంటే చౌక పరిశోధన మన పంచకావ్యాల మీద కూడా జరగలేదు.

అందరూ ఇట్లానే చేశారని అనడం లేదు. ఓవెన్ హాథర్లీ 2011లో పల్ప్ మీద రాసిన చిన్న పుస్తకంలో ఊరు, ఇల్లు, వర్గం, కామం కలిసిన చోటు పట్టుకున్నాడు. చిత్రమేమిటంటే, పాటకు న్యాయం చేసిన మరొకడు విమర్శకుడు కాడు, నక్షత్రనౌక కెప్టెన్ వేషం వేసిన విలియం షాట్నర్. 2004లో అతను ఈ పాటను పాడక ఉపన్యాసంలాగా చదివాడు. నవ్వుకోవడానికి విన్నవాళ్ళకు మొదటిసారి ప్రతిమాటా స్పష్టంగా వినిపించింది.

ఇప్పుడు మనవైపు అభ్యంతరాలు. ఈ పాటలో కర్మాగారం లేదు, సంఘం లేదు, సమ్మె లేదు. సామాన్యులు తాగుతూ, ఆడుతూ, పొద్దుపుచ్చుతూ కనబడతారు. ఇది వాళ్ళను అవమానించడం కాదా అని రెండవ మిత్రుడు అడగవచ్చు. ఉక్కు సమ్మె ఓడి, గని సమ్మె ఓడి, కొలువు ఊడినవాడు కర్మాగారంలో ఎట్లా కనబడతాడు? వాళ్ళకు వేరే పనేమీ మిగల్చలేదన్నదే పాటలోని ఆరోపణ. జెండా పట్టుకున్న కార్మికుణ్ణి ప్రతి చరణం చివరా నిలబెట్టడం మనకు అలవాటైన సుఖం. కాకర్ గని కార్మికుని కొడుకు కాడు కదా అంటారా? కాడు. రచయిత పుట్టుపూర్వోత్తరాలు చూసి నిబద్ధత తూచే పద్ధతిలో మన సాహిత్యంలో ఎందరు మిగులుతారో లెక్క చూసుకోవడం మంచిది. కొడవటిగంటి కుటుంబరావు ఎక్కువగా మధ్యతరగతిని గురించే రాశాడు. ఆ రాతలవల్ల మధ్యతరగతికి ఒరిగింది ఎండగట్టబడటమే. కాకర్ కూడా రెండు వర్గాల మధ్య గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసేవాళ్ళను పట్టుకున్నాడు. సామాన్యుణ్ణి చూసివద్దామని ఒక ఆదివారం పేటకు పోయి సోమవారం కవిత రాసేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఈ పాట వాళ్ళకు నచ్చకపోతే నాకు అర్థమవుతుంది.

స్త్రీని గురించిన అభ్యంతరం అట్లా తోసిపుచ్చగలిగేది కాదు. పాటలోని కోపమంతా ఒక ఇరవై ఏళ్ళ ఆడపిల్ల మీద పడింది. ఆమె కోరిన బతుకులో కథకుని పక్క కూడా ఒక భాగమే; అతను ఆమెను వెక్కిరిస్తూనే ఆ అవకాశాన్ని కాదనలేదు. టెలిఫోనుకు అవతలివైపు ఉన్న తండ్రికి మాత్రం ఒక్క దెబ్బా తగలలేదు. ఇది పాటలోని నిజమైన లోపం. ముప్ఫై ఏళ్ళ పొగడ్తలో ఈ లోపాన్ని ఎత్తిచూపినవాళ్ళు తక్కువ. ఎత్తిచూపాలంటే ముందు పాట దేన్ని గురించో ఒప్పుకోవాలి గదా.

ఇంకొక సంగతి. షెఫీల్డు కుర్రవాడూ, గ్రీకు ధనవంతుని కూతురూ ఒకే బల్ల దగ్గర మట్టి పిసకడం 1988లో ఎందుకు సాధ్యమైంది? అప్పుడు బ్రిటన్‌లో ఆ దేశపు విద్యార్థులకు కాలేజీ రుసుము లేదు. బీద ఇంటి పిల్లలకు జీవనభృతి ఉండేది. 1998లో బ్లెయిర్ ప్రభుత్వం ఏడాదికి 1,000 పౌన్ల రుసుము పెట్టి, భృతిని అప్పుగా మార్చింది. 2012నాటికి ఇంగ్లాండులో రుసుము 9,000 పౌన్ల దాకా పోయింది. ఇక ఆ బల్ల దగ్గరికి అప్పు లేకుండా వచ్చేది టెలిఫోను ఉన్నవాళ్ళే. మన జిల్లాలనుంచి షెఫీల్డుకు చదువుకోను పోతున్న పిల్లల ఇళ్ళలో పొలం తాకట్టు కాగితాలున్నాయి; వాళ్ళు ఇంటికి టెలిఫోను చేసినా ఆగేది ఏమీ ఉండదు. 1995లో గ్లాస్టన్‌బరీ టికెట్టు 65 పౌన్లు. 2025 జూన్ 28న అదే మైదానంలో, మారుపేరుతో ప్రకటించుకుని, పల్ప్ మళ్ళీ ఈ పాట పాడింది. అప్పటి టికెట్టు 373 పౌన్ల 50 పెన్నీలు, పైన 5 పౌన్ల దస్తూరి. ఆ నెలలోనే వాళ్ళ కొత్త సంపుటి రఫ్ ట్రేడ్ అనే నిజమైన స్వతంత్ర కంపెనీనుంచి వచ్చి, అమ్మకాల్లో మొదటి స్థానానికి పోయింది. మన రెండవ మిత్రుడు ఆ సంపుటైనా వింటాడని ఆశపడుతున్నాను.

పోయిన సంవత్సరం చివరి ఏడు విద్యార్థులకు ఆధునిక కవిత్వంలో వస్తువు, శిల్పం చెబుతూ ఈ పాటను పూర్తిగా, కత్తిరించని రూపంలో వినిపించి తెలుగులో అర్థం చెప్పాను. వరస బాగుందన్నారు కొందరు. ఆ అమ్మాయిని మరీ అంత తిట్టాలా అన్నారు ఆడపిల్లలు. వెనక బల్లలోనుంచి ఒక కుర్రవాడు లేచి, ‘ఇంతకీ వాళ్ళ నాన్నకు అంత డబ్బు ఎక్కడిది సార్?’ అని అడిగాడు. పాటలో దానికి జవాబు లేదు. విమర్శకుల్లో ఆ ప్రశ్న వేసినవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఆ రోజు మిగిలిన గంట పాఠమంతా దానిమీదనే నడిచింది.